భాగం 9: బాస్కెట్‌బాల్ - శిక్షకుని తాత్త్వికత, జట్టు క్రమశిక్షణ, సందర్భోచిత వ్యూహం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత, శిక్షకుని తాత్త్వికత అంటే ఏమిటో, అది రోజువారీ అభ్యాసంలోనూ జట్టు నియమాలలోనూ ఎలా కనిపిస్తుందో మీరు ఉదాహరణలతో వివరించగలుగుతారు. క్రమశిక్షణకూ శిక్షకూ ఉన్న తేడా చెప్పగలుగుతారు. ఆట చివరి నిమిషాలలో స్కోరు, గడియారం, జట్టు ఫౌళ్లు, మిగిలిన టైమ్ అవుట్లు, ఈ నాలుగింటినీ కలిపి చూసి నిర్ణయం తీసుకోగలుగుతారు.

9.1 ప్రవేశిక

ఒక పరిస్థితిని ఊహించుకోండి. మీరు ఒక డిగ్రీ కళాశాల బాలికల జట్టుకు శిక్షకులు. అంతర కళాశాలల పోటీ జరుగుతున్నది. నాలుగో క్వార్టర్‌లో ఇంకా 40 సెకన్లు మిగిలి ఉన్నాయి. ఎదుటి జట్టు స్కోరు 61, మీ స్కోరు 58. బంతి వారి చేతిలో ఉంది, వారి 24 సెకన్ల గడియారం ఇప్పుడే మొదలైంది. మీ పాయింట్ గార్డ్ ఒక్క క్షణం మీ వైపు చూసింది. ఫౌల్ చేయమంటారా, వద్దంటారా?

ఆలోచించడానికి మీకు రెండు సెకన్లకు మించి వ్యవధి లేదు. నిజానికి ఆ రెండు సెకన్లలో మీరు ఆలోచించేది కూడా ఏమీ ఉండదు. గత మూడు నెలలుగా మీరు ఏం నేర్పారో, ఏం నేర్పకుండా వదిలేశారో అదే అప్పుడు బయటపడుతుంది. అందుకే తాత్త్వికత, క్రమశిక్షణ, వ్యూహం అనే మూడు అంశాలను ఈ భాగంలో విడివిడిగా కాక కలిపి చదువుతాం. పాఠ్యపుస్తకాలు వీటిని మూడు అధ్యాయాలుగా విడగొడతాయి గాని, మైదానంలో అవి ఒకదాని నుంచి ఒకటి పుట్టుకొస్తాయి.

బాస్కెట్‌బాల్‌ను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రూపొందించారని మీరు ఇంతకుముందే చదివి ఉంటారు. ఆయన వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడు. మన దేశానికి కూడా ఈ ఆట ప్రధానంగా వైఎంసీఏ ద్వారానే వచ్చింది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాదిన ఎన్నో తరాల వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసింది. అంటే ఈ ఆట మొదటినుంచీ బోధకుల చేతుల్లో పెరిగిన ఆట. ఇక్కడ మనం ఉదాహరణకు తీసుకునే ఇద్దరు శిక్షకులూ తమను తాము ముందు ఉపాధ్యాయులుగానే భావించుకున్నారు.

9.2 తాత్త్వికత అంటే ఏమిటి?

ఈ మాట వినగానే గోడ మీద రాసిన సూక్తులు గుర్తుకు రావచ్చు. అది తాత్త్వికత కాదు. ఒక శిక్షకుడు దేన్ని ఎట్టి పరిస్థితిలోనూ మార్చుకోడో, దేన్ని పరిస్థితినిబట్టి మార్చుకుంటాడో, ఆ రెండింటి మధ్య అతడు గీసుకున్న గీతే అతని తాత్త్వికత.

జాన్ వుడెన్ ఉదాహరణ చూద్దాం. ఇండియానా రాష్ట్రంలో 1910లో పుట్టిన వుడెన్, 1948 నుంచి 1975 వరకు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి (యూసీఎల్ఏ) శిక్షకుడిగా పనిచేశారు. ఆయన జట్లు 12 సంవత్సరాలలో 10 సార్లు అమెరికా జాతీయ కళాశాలల విజేతగా నిలిచాయి. 1967 నుంచి 1973 వరకు వరుసగా ఏడు సార్లు గెలిచాయి. అయితే మీరు గుర్తుంచుకోవలసిన అంకె ఇంకొకటి ఉంది. మొదటి టైటిల్ 1964లో వచ్చింది. అంటే అది అక్కడ ఆయన 16వ సీజను. అంతకాలం ఓపిక పట్టే యాజమాన్యం ఈ రోజుల్లో దొరకడం కష్టమే.

1964 జట్టులో మొదటి ఐదుగురిలో ఎవరి ఎత్తూ 6 అడుగుల 5 అంగుళాలు మించలేదు. పొడవైన జట్లతో రింగు కింద పోటీపడితే ఓడిపోతారు. కాబట్టి మైదానం పొడవునా ఎదుటివారిని వెంటాడే 2-2-1 జోన్ ప్రెస్‌ను ప్రయోగించారు. ఈ ఆలోచన కోసం పట్టుబట్టింది సహాయక శిక్షకుడు జెర్రీ నార్మన్. ఆ సంవత్సరం ఆడిన 30 ఆటలూ గెలిచారు. తరువాత రెండేళ్లకే ఏడడుగులు దాటిన లూ ఆల్సిండర్ (తరువాతి కాలంలో కరీం అబ్దుల్ జబ్బార్) జట్టులోకి వచ్చాడు. వుడెన్ తన దాడి పద్ధతిని అతని చుట్టూ తిరిగి నిర్మించుకున్నారు. చూడండి, వ్యూహం పూర్తిగా మారిపోయింది. అభ్యాసం జరిగే తీరు, శరీర దారుఢ్యం, ప్రాథమిక నైపుణ్యాలు, కలిసి ఆడటం మీద పట్టుదల మాత్రం మారలేదు. గీత ఎక్కడ ఉందో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

9.3 అభ్యాసం: మేజోళ్ల పాఠం

ప్రతి సంవత్సరం మొదటి సమావేశంలో వుడెన్ తన ఆటగాళ్లకు మేజోళ్లు ఎలా తొడుక్కోవాలో నేర్పేవారు. దేశంలోని మేటి ఆటగాళ్లు బల్ల మీద కూర్చుని, వేళ్ల దగ్గరా మడమ దగ్గరా ముడత లేకుండా మేజోడు లాగడం, బూటు లేసును ఒక్కొక్క రంధ్రం దగ్గరా బిగించడం నేర్చుకునేవారు. మొదటిసారి విన్నవారికి నవ్వు వస్తుంది. కారణం మాత్రం చాలా సాదా. ముడత ఉంటే బొబ్బ వస్తుంది. బొబ్బ వస్తే ఆటగాడు అభ్యాసానికి దూరమవుతాడు. అభ్యాసానికి దూరమైనవాడు ఆటలో పనికిరాడు. పెద్ద ఫలితానికి చిన్న కారణాన్ని ఇలా వెనక్కి వెతుక్కుంటూ పోవడం మంచి బోధకుని లక్షణం. మన కళాశాలల్లో ఎందరో పిల్లలు సైజు సరిపోని అరువు బూట్లతో ఆడతారు కాబట్టి ఈ పాఠం మనకు ఇంకా ఎక్కువ అవసరం.

వుడెన్ ప్రతి రోజు అభ్యాసాన్ని నిమిషాల లెక్కన ముందుగానే చిన్న కార్డుల మీద రాసుకునేవారు. ఏ అభ్యాసం ఎన్ని నిమిషాలు, ఎన్ని బంతులు, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నీ అందులో ఉండేవి. పాత సంవత్సరాల కార్డులను దాచిపెట్టి, గత ఏడాది ఇదే సమయానికి ఏం చేశామో పోల్చుకునేవారు.

ఆయన బోధనను ఇద్దరు మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు, రోలండ్ థార్ప్, రోనాల్డ్ గాలిమోర్, 1974-75 సీజనులో స్వయంగా పరిశీలించారు. 15 అభ్యాసాలు చూసి, శిక్షకుడు చేసిన 2,326 బోధన చర్యలను నమోదు చేశారు. వాటిలో పొగడ్తలు సుమారు 7 శాతం. ఉత్త మందలింపులూ దాదాపు అంతే. నూటికి 75 వంతులు కేవలం సమాచారం: పాదం ఇలా పెట్టు, బంతి ఛాతీ ఎత్తులో అందించు, ఇప్పుడు వెనక్కి తిరుగు. తప్పు జరిగితే సరైన పద్ధతిని చేసి చూపించి, తప్పు పద్ధతిని అనుకరించి చూపించి, మళ్లీ సరైనదాన్ని చూపించేవారు. ఇదంతా కొద్ది సెకన్లలో ముగిసేది. ఉపన్యాసాలు లేవు.

మీరు రేపు మీ మైదానంలో ఒక చిన్న పరిశీలన చేయండి. ఎవరైనా శిక్షకుడు అరగంట పాటు నేర్పుతుంటే ఒక కాగితం మీద మూడు గడులు గీసి, పొగడ్త, తిట్టు, సమాచారం అని రాసి గీతలు పెట్టండి. ఆ శిక్షకుడు మీరే అయితే ఈ పని మిత్రునికి అప్పగించండి. "ఏంట్రా ఆ ఆట, సరిగ్గా ఆడు!" అన్న మాటను ఏ గడిలో వేస్తారు? అందులో సమాచారం ఏమీ లేదు. సరిగ్గా ఆడటం అంటే ఏమిటో ఆ కుర్రవానికి తెలిసి ఉంటే ఆ తప్పు చేసేవాడే కాదు.

9.4 క్రమశిక్షణ

చాలామంది శిక్షకులు క్రమశిక్షణ అంటే నియమాల చిట్టా అనుకుంటారు. వుడెన్ కూడా తొలి రోజుల్లో ఎన్నో నియమాలు పెట్టారు. అనుభవం వచ్చిన కొద్దీ తగ్గించుకున్నారు. చివరికి గట్టిగా పట్టుకున్నవి ముఖ్యంగా మూడు. ఆలస్యంగా రాకూడదు. నోటి వెంట బూతు మాట రాకూడదు. తోటి ఆటగాణ్ణి విమర్శించకూడదు, ఆ పని శిక్షకునిది. మూడో నియమాన్ని మళ్లీ ఒకసారి చదవండి. ఓడిపోతున్న జట్టులో మొదట విరిగేది ఇదే.

నియమం తక్కువగా ఉన్నప్పుడు దాన్ని అందరికీ ఒకేలా అమలు చేయడం సాధ్యమవుతుంది. బిల్ వాల్టన్ ఆ కాలంలో దేశంలోకెల్లా గొప్ప కళాశాల ఆటగాడు. ఒక సీజను ప్రారంభంలో గడ్డంతో అభ్యాసానికి వచ్చాడు. గడ్డం పెంచుకోవడం తన హక్కని వాదించాడు. వుడెన్ వాదనకు దిగలేదు. నమ్మకం కోసం నిలబడేవాళ్లంటే తనకు గౌరవమేనని, అయితే జట్టులో అతడు లేని లోటు మాత్రం తమకు ఉంటుందని అన్నారు. వాల్టన్ వెంటనే వెళ్లి గీయించుకుని వచ్చాడు. ఈ సంఘటనను వాల్టనే ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గడ్డానికీ బంతి ఆటకూ సంబంధం ఏమిటని మీరు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఈ నియమం అవసరమా అన్నది చర్చించదగిన విషయం. ఈ రచయిత దృష్టిలో ఇటువంటి నియమాలు లేకపోయినా జట్టు బాగానే నడుస్తుంది. ఈ సంఘటనలో మనం చూడవలసింది గడ్డం కాదు, అమలు తీరు. అరుపు లేదు, అవమానం లేదు, పేరున్న ఆటగాడికి మినహాయింపూ లేదు. పన్నెండో ఆటగాడు ఇదంతా చూస్తూనే ఉంటాడు. మొదటి ఆటగాడికి మినహాయింపు దొరికిన రోజు పన్నెండోవాడి దృష్టిలో నియమం చచ్చిపోతుంది.

9.5 డీన్ స్మిత్: అలవాటుగా మారిన క్రమశిక్షణ

ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయ శిక్షకుడు డీన్ స్మిత్ 1961 నుంచి 1997 వరకు పనిచేసి 879 ఆటలు గెలిచారు. జాతీయ టైటిళ్లు మాత్రం రెండే: 1982, 1993. తొలి సంవత్సరాలు ఆయనకూ సుఖంగా సాగలేదు. 1965 జనవరిలో ఓడి తిరిగివచ్చిన రాత్రి ప్రాంగణంలో విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మను ఉరితీసి వేలాడదీశారు. జట్టు బస్సు అక్కడే ఆగింది.

కష్టపడి ఆడాలి, తెలివిగా ఆడాలి, కలిసి ఆడాలి అన్నవి ఆయన పెట్టుకున్న మూడు సూత్రాలు. ఇటువంటి మాటలు ఎవరైనా చెబుతారు. స్మిత్ ప్రత్యేకత ఏమిటంటే, ప్రతి మాటకూ కంటికి కనిపించే ఒక పనిని జోడించారు. బాస్కెట్ వేసిన ఆటగాడు తనకు బంతి అందించినవాని వైపు వేలు చూపాలి. కలిసి ఆడటం అన్న మాటకు ఇది రూపం. అలసిపోయిన ఆటగాడు పిడికిలి ఎత్తి చూపితే బయటికి తీసుకునేవారు, విశ్రాంతి తీసుకున్నాక ఎప్పుడు తిరిగి వెళ్లాలో అతడే నిర్ణయించుకోవచ్చు. అలసటను దాచిపెట్టి ఆడుతూ శిక్షకుని కంటబడితే మాత్రం తిరిగి పంపేది ఎప్పుడన్నది శిక్షకుని ఇష్టం. నిజం చెప్పినవాడికి లాభం, దాచినవాడికి నష్టం వచ్చేలా నియమాన్ని కట్టారు. క్రమశిక్షణకూ శిక్షకూ తేడా ఇదే. శిక్ష తప్పు జరిగాక వస్తుంది. మంచి నియమం సరైన పని చేయడాన్నే సులభం చేస్తుంది.

స్మిత్ లెక్కల మనిషి. ఎన్ని పాయింట్లు వచ్చాయన్నది కాక, బంతి మన ఆధీనంలోకి వచ్చిన ఒక్కొక్కసారికి ఎన్ని పాయింట్లు వచ్చాయన్నది చూడాలని 1950ల నుంచే పాటించారు. ఒక జట్టు 80 పాయింట్లు చేసింది, ఇంకొకటి 60 చేసింది అనుకుందాం. మొదటిదానికి బంతి 90 సార్లు, రెండోదానికి 60 సార్లు వచ్చి ఉంటే ఎవరి దాడి మెరుగు? మొదటిది ఒక్కోసారికి 0.89, రెండోది 1.00. నెమ్మదిగా ఆడే జట్టును బలహీనమైనదని పొరబడకుండా ఈ లెక్క కాపాడుతుంది. కళాశాల స్థాయిలో దీనికి కంప్యూటర్ అవసరం లేదు, గీతలు పెట్టే ఒక విద్యార్థి చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

అ) మీ జట్టు 54 పాయింట్లు చేసింది, బంతి 72 సార్లు ఆధీనంలోకి వచ్చింది. ఒక్కోసారికి ఎన్ని పాయింట్లు?
ఆ) "కలిసి ఆడాలి" అన్న మాటకు మీ జట్టులో కంటికి కనిపించే పని ఏది పెడతారు? స్మిత్ పద్ధతి కాక మీ సొంతది రాయండి.

9.6 1974: రెండు ఆటలు

ఇప్పుడు ఈ భాగంలో ముఖ్యమైన చోటికి వచ్చాం. ఆరు వారాల తేడాలో జరిగిన రెండు ఆటలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది 1974 జనవరి 19న నోటర్‌డేమ్‌లో జరిగింది. వుడెన్ జట్టు అప్పటికి వరుసగా 88 ఆటలు గెలిచి ఉంది. ఇంకా సుమారు మూడున్నర నిమిషాలు ఉండగా స్కోరు 70-59. అంటే 11 పాయింట్ల ఆధిక్యం. ఆ రోజుల్లో అమెరికా కళాశాల ఆటలో షాట్ గడియారం లేదు. బంతిని ఎంతసేపైనా చేతిలో పెట్టుకోవచ్చు. మూడు పాయింట్ల గీత కూడా లేదు కాబట్టి 11 పాయింట్లు అందుకోవాలంటే కనీసం ఆరు బాస్కెట్లు కావాలి. అయినా నోటర్‌డేమ్ వరుసగా 12 పాయింట్లు చేసింది. యూసీఎల్ఏ ఒక్కటీ చేయలేదు. మూల నుంచి డ్వైట్ క్లే వేసిన షాట్‌తో స్కోరు 71-70 అయ్యింది. చివరి క్షణాల్లో యూసీఎల్ఏకి అవకాశాలు వచ్చినా బంతి లోపలికి వెళ్లలేదు. 88 ఆటల పరంపర అక్కడ తెగింది.

నోటర్‌డేమ్ విజృంభణ సాగుతున్నంత సేపూ వుడెన్ టైమ్ అవుట్ తీసుకోలేదు. వెనకబడ్డ తరువాతే తీసుకున్నారు. ఇది మతిమరుపు కాదు. నేర్పవలసింది అభ్యాసంలోనే నేర్పాలి, ఆట మొదలయ్యాక ఆటగాళ్లే పరిష్కరించుకోవాలి అన్నది ఆయన నమ్మకం. టైమ్ అవుట్ ముందుగా అడిగే అవసరం ఎదుటివారికే రావాలని ఆయన కోరుకునేవారు. బంతిని దాచుకుని కాలం గడిపే ఆట కూడా ఆయనకు నచ్చేది కాదు. ఆ నమ్మకం ఎన్నో ఏళ్లు గెలిపించింది. ఈ ఒక్క మధ్యాహ్నం ఓడించింది. నిజానికి ఒక్కసారే కాదు. అదే సంవత్సరం మార్చి 23న జాతీయ సెమీఫైనల్‌లో ఉత్తర కరోలినా స్టేట్ జట్టుపై రెండో అదనపు సమయంలో 7 పాయింట్ల ఆధిక్యంలో ఉండి కూడా యూసీఎల్ఏ 80-77తో ఓడిపోయింది.

రెండో ఆట మార్చి 2న చాపెల్ హిల్‌లో డ్యూక్ జట్టుతో స్మిత్ జట్టు ఆడింది. 17 సెకన్లు మిగిలి ఉండగా డ్యూక్ 86, ఉత్తర కరోలినా 78. మూడు పాయింట్ల షాట్ లేని కాలంలో ఇది ముగిసిన ఆట. ప్రేక్షకులు కొందరు లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టే సమయం. బాబీ జోన్స్ రెండు ఫ్రీ త్రోలు వేశాడు: 86-80. మైదానం అంతటా ఒత్తిడి పెట్టి, డ్యూక్ లోపలికి వేసిన బంతిని లాక్కుని జాన్ క్యూస్టర్ బాస్కెట్ వేశాడు: 86-82. డ్యూక్ మళ్లీ బంతి పోగొట్టుకుంది, జోన్స్ మళ్లీ వేశాడు: 86-84. వెంటనే ఫౌల్ చేశారు. ఆనాటి నియమం ప్రకారం మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది వేసే అవకాశం. డ్యూక్ ఆటగాడు మొదటిదే తప్పాడు. రీబౌండ్ పట్టి, 3 సెకన్లు ఉండగా టైమ్ అవుట్ తీసుకున్నారు. అప్పటికి మొదటి సంవత్సరం విద్యార్థి అయిన వాల్టర్ డేవిస్ దాదాపు 30 అడుగుల దూరం నుంచి వేసిన బంతి బోర్డుకు తగిలి లోపలికి వెళ్లింది. 86-86. అదనపు సమయంలో 96-92తో గెలిచారు.

చివరి షాట్ అదృష్టమే. దాన్ని ఏ శిక్షకుడూ నేర్పలేడు. అయితే దానికి ముందు జరిగిన నాలుగు పనులు చూడండి: ఒత్తిడి, దొంగిలింపు, సరైన క్షణంలో ఫౌల్, చివరి కోసం దాచుకున్న టైమ్ అవుట్. ఇవి అదృష్టం కాదు. స్మిత్ అభ్యాసంలో గడియారం పెట్టి, "ఇంత సమయం ఉంది, ఇన్ని పాయింట్లు వెనకబడ్డాం" అని చెప్పి ఆడించేవారు. టైమ్ అవుట్లను ఆట ముగింపు కోసం పొదుపు చేయడం ఆయన జట్ల అలవాటు. ఆధిక్యంలో ఉన్నప్పుడు నలుగురిని నాలుగు మూలలకు పంపి, మధ్యలో ఒక్కడు బంతిని తట్టుకుంటూ కాలం గడిపే "నాలుగు మూలల" పద్ధతికి కూడా ఆయనే ప్రసిద్ధుడు. జనవరి 19న వుడెన్ స్థానంలో స్మిత్ ఉంటే ఆ 11 పాయింట్ల ఆధిక్యం మూలల్లోకి వెళ్లి భద్రంగా కూర్చునేదని ఊహించడం తేలిక.

దీని నుంచి స్మిత్ గొప్ప, వుడెన్ తక్కువ అనే నిర్ణయానికి రాకండి. 10 టైటిళ్లు ఒకవైపు, 2 టైటిళ్లు ఒకవైపు ఉన్నాయి. తాత్త్వికతకు ధర ఉంటుందన్నదే ఇక్కడి విషయం. ఆటగాళ్లను స్వతంత్రులుగా పెంచాలనుకునే శిక్షకుడు అప్పుడప్పుడు వాళ్లు తడబడుతుంటే చూస్తూ కూర్చోవాలి. ప్రతి క్షణాన్ని తన చేతిలో ఉంచుకోవాలనుకునే శిక్షకుడు చూడముచ్చట కాని ఆటకు నిందలు పడాలి. స్మిత్ అవి బాగానే పడ్డారు. 1982లో వర్జీనియాపై ఆయన జట్టు 47-45తో గెలిచిన అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ) టోర్నమెంట్ ఫైనల్‌లో బంతి దాచుకునే తీరు మీద పెద్ద దుమారం లేచింది. 1985-86 సీజను నుంచి అమెరికా పురుషుల కళాశాల ఆటలో 45 సెకన్ల గడియారం వచ్చింది. ఒక వ్యూహం మరీ బాగా పనిచేస్తే నియమాలే మారతాయి.

వృత్తి క్రీడలో ఆ మార్పు ఇంకా ముందే జరిగింది. 1950లో ఒక ఆట 19-18తో ముగిసింది. అటువంటి ఆటలకు జనం రారని భయపడ్డ సిరక్యూజ్ జట్టు యజమాని డానీ బియాసోన్ ఒక లెక్క వేశారు. జనం ఇష్టపడే ఆటలో రెండు జట్లూ కలిసి సుమారు 120 షాట్లు వేస్తాయి. 48 నిమిషాలంటే 2,880 సెకన్లు. భాగిస్తే 24. 1954లో వచ్చిన ఆ 24 ఈ రోజు మీ కళాశాల పోటీలోనూ ఉంది.

9.7 మన నియమాలలో చివరి నిమిషం

మన దేశంలో ఆడేది అంతర్జాతీయ సమాఖ్య (ఫీబా) నియమాల ప్రకారం. అమెరికా ఉదాహరణలను ఉన్నవి ఉన్నట్లు తెచ్చుకుంటే పొరబాటు జరుగుతుంది. 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు. బంతి దొరికాక 24 సెకన్లలో షాట్ వేయాలి, షాట్ రింగుకు తగిలి దాడి చేసే జట్టుకే బంతి మళ్లీ దొరికితే 14 సెకన్లు. రెండో అర్ధభాగంలో మూడు టైమ్ అవుట్లు ఉంటాయి గాని, చివరి రెండు నిమిషాలలో రెండు మాత్రమే వాడుకోగలరు. కాబట్టి స్మిత్‌లాగా మూడింటినీ చివరికి దాచుకుంటే ఒకటి వృథా అవుతుంది. టైమ్ అవుట్లు ఆటగాళ్లు అడగకూడదు, శిక్షకుడు లేదా సహాయకుడు బల్ల దగ్గర అడగాలి. ఒక క్వార్టర్‌లో జట్టు నాలుగు ఫౌళ్లు దాటితే, ఐదో ఫౌల్ నుంచి ఎదుటివారికి రెండు ఫ్రీ త్రోలు.

ఇప్పుడు మొదట్లో వేసిన ప్రశ్నకు తిరిగి వద్దాం. 40 సెకన్లు ఉన్నాయి, 3 పాయింట్లు వెనకబడ్డారు, బంతి వారిది, వారికి పూర్తి 24 సెకన్లు ఉన్నాయి. ఫౌల్ చేయకండి. వారు పూర్తి సమయం వాడుకున్నా మీకు సుమారు 15 సెకన్లు మిగులుతాయి. బాగా అడ్డుకుంటే 3 పాయింట్ల తేడాతోనే బంతి మీకు వస్తుంది, ఒక్క షాట్‌తో సమం చేయవచ్చు. ఇప్పుడే ఫౌల్ చేసి రెండు పాయింట్లు ఇస్తే తేడా 5 అవుతుంది, ఒక్క షాట్ చాలదు.

అదే 20 సెకన్లు మాత్రమే ఉండి, వారికి పూర్తి 24 సెకన్లు ఉంటే? వారు షాట్ వేయవలసిన అవసరమే లేదు, బంతి పట్టుకుని తిరిగితే చాలు. మొదట ఉచ్చు పన్ని బంతి లాక్కోవడానికి ప్రయత్నించి, కుదరకపోతే ఫౌల్ చేయక తప్పదు. ఇక్కడే చాలామంది మరచిపోయే విషయం ఉంది. ఆ క్వార్టర్‌లో మీ జట్టు ఫౌళ్లు రెండే అయితే, మూడో ఫౌల్‌కూ నాలుగో ఫౌల్‌కూ ఫ్రీ త్రోలు రావు, బంతి మళ్లీ వారికే. ప్రతిసారీ రెండు మూడు సెకన్లు పోతాయి. అందుకని చివరి నిమిషానికి ముందే జట్టు ఫౌళ్లు నాలుగుకు చేరి ఉన్నాయో లేదో చూసుకోవాలి. బెంచి మీద ఒకరికి ఈ ఒక్క పనే అప్పగించండి.

ఎవరిని ఫౌల్ చేయాలి? ఫ్రీ త్రోలు నూటికి 60 వేసే ఆటగత్తెను తీసుకోండి. రెండూ పడే అవకాశం 36 శాతం, ఒకటే పడే అవకాశం 48 శాతం, రెండూ తప్పే అవకాశం 16 శాతం. నూటికి 80 వేసే ఆమె అయితే రెండూ పడే అవకాశం 64 శాతానికి పెరుగుతుంది. పోటీకి ముందు ఎదుటి జట్టు సాధనను చూస్తూ ఎవరి ఫ్రీ త్రో బలహీనమో రాసుకోవడం అరగంట పని. ఫౌల్ మాత్రం బంతి కోసం చేసిన ప్రయత్నంగా కనిపించాలి. చొక్కా పట్టుకుని లాగితే అది క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ఫౌల్ అవుతుంది. రెండు ఫ్రీ త్రోలతో పాటు బంతి కూడా వారికే పోతుంది. చివరి రెండు నిమిషాలలో బంతి లోపలికి విసరకముందే ఫౌల్ చేసినా వారికి ఒక ఫ్రీ త్రో, మళ్లీ బంతి. కాబట్టి బంతి లోపలికి వచ్చేదాకా ఆగాలి.

ఇక తిరగేసి చూద్దాం. మీరు 3 పాయింట్లు ముందున్నారు, 5 సెకన్లు ఉన్నాయి, బంతి వారిది. దీని మీద శిక్షకులలో ఏకాభిప్రాయం లేదు. 2008 అమెరికా కళాశాలల ఫైనల్‌లో కాన్సాస్‌పై మెంఫిస్ రెండు నిమిషాలకు కొంచెం ముందు 9 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. వరుసగా ఫ్రీ త్రోలు తప్పుతూ వచ్చి 63-60 దగ్గర నిలిచింది. ఫౌల్ పడలేదు. 2.1 సెకన్లు ఉండగా మారియో చాల్మర్స్ మూడు పాయింట్ల షాట్ వేసి సమం చేశాడు. అదనపు సమయంలో కాన్సాస్ 75-68తో గెలిచింది. ఫౌల్ చేసి ఉంటే వారికి రెండు ఫ్రీ త్రోలే వచ్చేవి, అవి రెండూ పడినా ఒక పాయింటు ఆధిక్యం మిగిలేది. అయితే షాట్ వేస్తున్న చేతిమీద ఫౌల్ పడితే మూడు ఫ్రీ త్రోలు ఇచ్చుకోవాలి. తొలి డ్రిబుల్ వద్దే, వీపు రింగు వైపు ఉన్నప్పుడే ఫౌల్ చేయడం మీ జట్టు కనీసం ఇరవై సార్లు సాధన చేసి ఉంటేనే ఆ పని చెప్పండి. లేకపోతే నిలబడి అడ్డుకోవడమే మేలని ఈ రచయిత అభిప్రాయం.

1993 ఫైనల్‌లో ఇంకొక విధమైన పొరబాటు జరిగింది. ఉత్తర కరోలినాపై మిషిగన్ 73-71తో వెనకబడి ఉండగా, 11 సెకన్లు మిగిలి ఉన్న సమయంలో క్రిస్ వెబర్ టైమ్ అవుట్ అడిగాడు. జట్టుకు టైమ్ అవుట్లు మిగిలి లేవు. టెక్నికల్ ఫౌల్ పడింది, 77-71తో ఆట పోయింది. నింద అంతా ఇరవయ్యేళ్ల కుర్రవాని మీద పడింది. మైదానంలో ఉన్నవానికి ఎన్ని మిగిలాయో ప్రతి విరామంలోనూ గుర్తుచేయడం బెంచి పని. ఆ రోజు ఎదుటి బెంచి మీద ఉన్నది డీన్ స్మిత్.

9.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. శిక్షకుని తాత్త్వికతను, వ్యూహాన్ని వేరుచేసి చూపండి. వుడెన్ 1964, 1967 జట్లను ఉదాహరణగా తీసుకోండి.

2. 1974 జనవరి 19న ఆధిక్యం కరుగుతున్నా టైమ్ అవుట్ తీసుకోకపోవడాన్ని మీరు సమర్థిస్తారా? రెండు వైపులా వాదించి, మీ నిర్ణయం రాయండి.

3. నాలుగో క్వార్టర్. 31 సెకన్లు ఉన్నాయి. మీరు 2 పాయింట్లు వెనక. బంతి వారిది, వారి షాట్ గడియారంలో 22 సెకన్లు. మీ జట్టు ఫౌళ్లు మూడు. మీకు ఒక టైమ్ అవుట్ మిగిలి ఉంది. వారి పాయింట్ గార్డ్ ఫ్రీ త్రోలు నూటికి 80 వేస్తుంది, సెంటర్ నూటికి 45. మీ ఐదుగురికి ఏం చెబుతారో, టైమ్ అవుట్ ఎప్పుడు వాడతారో కారణాలతో రాయండి. రాసే ముందు గడియారం పెట్టుకుని మీ మిత్రులతో ఈ 31 సెకన్లను ఒకసారి మైదానంలో ఆడి చూడండి.